ఘాటు రాని శనివారం

నిన్న సాయంత్రం పోపులో ఎండుమిర్చి మాడి ఇల్లంతా పొగ కమ్మింది. పిల్లలు దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే నాకు మాత్రం ప్రాణం కుదుటపడింది. మిర్చి ఘాటు ముక్కుకు తగిలితే అంతా క్షేమమని నమ్మే ఇంట్లో పెరిగినదాన్ని నేను. దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటు రాకుండా కాలిపోయాయంటే చాలా దిష్టి తగిలినట్టే అనేది మా అమ్మ. ఆ లెక్కను ఆవిడ అమెరికన్ ఫుట్‌బాల్ దాకా తీసుకెళ్ళింది.

అప్పుడు మేం అమెరికాలో, బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాన్నది కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు పదేళ్ళు. అన్నయ్య కిరణ్ రెండు గంటల దూరంలో ఓ చిన్న కాలేజీలో చదివేవాడు. ఆ కాలేజీ జట్టు ఓడిపోవడానికే పుట్టినట్టుండేది. ఆ ఏడు కొత్త కోచ్ వచ్చాడు. సాకర్ ఆడుతున్న అన్నయ్య కాలి ఊపు చూసి, బంతిని దూరంగా తన్నే కిక్కర్‌గా జట్టులోకి రమ్మన్నాడు. అమ్మ ససేమిరా అంటే ఆయనే మా ఇంటికొచ్చాడు. గోంగూర పచ్చడి తిని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, కిక్కర్ జోలికి ఎవరూ రారని అమ్మకు నచ్చజెప్పాడు.

"కిక్ చేసి పక్కకొచ్చేస్తాడే, అంతే. వాడి మీద ఎవరూ పడరు," అని నాన్న వంత పాడాడు. ఆ ఆట ఆయన ఒక్కసారి కూడా పూర్తిగా చూసి ఎరగడు.

ఇక శనివారం వస్తే చాలు, పులిహోర డబ్బా, పెరుగన్నం, దుప్పట్లు, అమ్మ పర్సులో పొట్లం కట్టిన ఉప్పూ మిరపకాయలూ, అన్నీ కారెక్కేవి. స్టేడియం బయట పార్కింగ్ లాట్‌లో వరసగా గ్రిల్లులు, మాంసం కాలే వాసన, బ్యాండు వాళ్ళ డప్పుల మోతకు నా గుండెల్లో దడదడ, మొహాలకు రంగులు పూసుకుని మమ్మల్ని కావలించుకునే ముక్కూ మొహం తెలియని ఆంటీలు. జట్టు గెలిచింది. మళ్ళీ గెలిచింది. గెలిచేకొద్దీ జనం పెరిగారు, జనం పెరిగేకొద్దీ అమ్మకు భయం పట్టుకుంది. "ఇంతమంది కళ్ళూ నా బిడ్డ మీదేనా!" అంటూ అన్నయ్యను కారు చాటుకు పిలిచి దిష్టి తీసి, ఆ మిరపకాయల్ని పక్కవాళ్ళ గ్రిల్లు నిప్పుల్లో వేసేది. చుట్టుపక్కల వాళ్ళంతా దగ్గలేక, నవ్వలేక పారిపోయేవారు. కొన్నాళ్ళకు మిగతా ఆటగాళ్ళ తల్లులు కూడా తమ పిల్లల్ని అమ్మ ముందు నిలబెట్టడం మొదలుపెట్టారు. వాళ్ళకది సరదా. నాకు కాదు. ఎవరైనా దగ్గేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడేదాన్ని.

నవంబరులో ఓ ముసురు పట్టిన శనివారం. మిరపకాయలు నిప్పుల్లో నల్లబడ్డాయి. ఎవరూ దగ్గలేదు.

"గాలి అటు కొడుతోంది లేవే," అన్నాడు నాన్న.

"ఇవాళ వాడు ఆడద్దండీ," అంది అమ్మ.

"అమ్మా, ప్లీజ్! కోచ్ వెయిట్ చేస్తున్నాడు," అంటూ అన్నయ్య పరుగెత్తాడు.

చివరి నిమిషంలో మా జట్టు కాస్త ముందుంది. అన్నయ్య బంతిని అవతలి వైపు తన్నాడు. అవతలి జట్టువాడొకడు దాన్ని పట్టుకుని, ఒక్కొక్కరినీ తప్పించుకుంటూ ఇటే పరుగెత్తుకొచ్చాడు. దారిలో మిగిలింది అన్నయ్య ఒక్కడే. కిక్కర్ జోలికి ఎవరూ రారన్న మాట నిజమే కావచ్చు, కిక్కరే ఎదురెళ్ళాల్సి వస్తుందని మాకెవరూ చెప్పలేదు. అన్నయ్య తల వంచుకుని వాడి మీదకు దూకాడు. ఇద్దరూ పడ్డారు. స్టేడియమంతా లేచి అన్నయ్య పేరు పెట్టి అరిచింది. కూర్చుని ఉన్నది అమ్మ ఒక్కతే. అన్నయ్య లేచి, చెయ్యి ఊపి, తన జట్టే అనుకుని తిన్నగా అవతలి జట్టు వైపు నడిచాడు. జనం నవ్వారు. నేను అమ్మ వైపు చూశాను.

ఆ సాయంత్రం వాణ్ణి ఇంటికి తీసుకెళుతున్నాం. వెనక సీట్లో పులిహోర తింటూ, "అమ్మా, గేమ్ ఎన్నింటికి?" అన్నాడు.

"అయిపోయింది నాన్నా. గెలిచారు," అంది అమ్మ.

నవ్వాడు. రెండు ముద్దలు తిని, "అమ్మా, గేమ్ ఎన్నింటికి?" అన్నాడు. నాన్న కారును ఆస్పత్రి వైపు తిప్పాడు. తలకు దెబ్బ తగిలిందన్నారు. కోచ్ వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, ఇక ఆడించనని నేల చూస్తూ అమ్మకు మాటిచ్చాడు. వాడు లేకుండానే జట్టు చివరి ఆట కూడా గెలిచింది. ఊళ్ళో ఊరేగింపు జరిగింది. మేం వెళ్ళలేదు.

ఆ కోచ్ ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఆ స్టేడియం పడగొట్టి కొత్తది కట్టారు. గ్రిల్లు వెలిగించనిచ్చిన ఆ పార్కింగ్ లాట్ కూడా లేదు. అన్నయ్య ఇప్పుడు ప్లేనోలో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. భయం లేదని డాక్టర్లు ఆనాడే అన్నారు. ఆ శనివారం మాత్రం వాడికి బొత్తిగా గుర్తులేదు. ఊరంతా చెప్పుకున్న తన ఆట తనకే తెలియదు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి అడిగి చెప్పించుకుని, చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. పోయిన ఆదివారమే అంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

ఇవాళ పొద్దున మళ్ళీ ఫోన్ చేశాడు. "చిన్నీ, నేనెవర్నో భలే ట్యాకిల్ చేశానటగా! నువ్వెప్పుడూ చెప్పలేదేంటే?"

మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.