బూడిద అడిగే పెద్దమ్మ

పోయిన సోమవారం మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసింది. పొద్దున గుండెలో నొప్పి అంటే కదిరి ఆసుపత్రికి తీసుకుపోయారు. మధ్యాహ్నానికి కబురు వచ్చింది.

నేను నల్లమాడకు కోడలిగా వచ్చేనాటికే మా వీధిలో వంటంతా గ్యాసు మీద. కట్టెలు మండేది నీళ్లు కాచుకునే పొయ్యిలోనే. ఆ కాస్త బూడిద కోసం పెద్దమ్మ పాత నూనె డబ్బా పట్టుకుని ఇంటింటికీ వచ్చేది. ప్లాస్టిక్ కవర్లు కాల్చారా అని ముందే అడిగేది. కాల్చామంటే డబ్బా ఎత్తుకుని వెళ్లిపోయేది. మిగతా ఇళ్ల బూడిద జల్లెడ పట్టి, మేకులూ బొగ్గులూ ఏరేసి, ఎరువు గుంతలో పేడ మీద ఒక పొర, చెత్త మీద ఒక పొర పలచగా చల్లేది. ఇంకొంచెం వేద్దామంటే ఒప్పుకునేది కాదు.

"కూరలో ఉప్పు మాదిరి ఎయ్యల్లమ్మా. ఎక్కువైతే మన్ను చెడిపోతాది."

ఒక ఎండాకాలం, ఆమెకు సాయం చేద్దామని నేనే మా పొయ్యిలో బూడిద తీసుకెళ్లి ఆ గుంతలో పోశాను. అందులో ఇంకా నిప్పు ఉందేమో చూసుకోలేదు. మధ్యాహ్నానికి గుంత అంటుకుంది. పక్కనున్న చిక్కుడు పందిరి కూడా కాలిపోయింది. ట్యాంకరు వస్తేనే నీళ్లున్న రోజులవి. రెండిళ్లలో పట్టుకున్న నీళ్లన్నీ ఆ మంటకే పోశాం. ఏడాది ఎరువు పోయింది. ఆమెకు ఎదురుపడలేక నేను లోపలే కూర్చున్నాను.

సాయంత్రం తనే వచ్చింది.

"బూడిద కోసం ఇంటింటికీ తిరుగుతాంటి. గుంత నిండా ఇచ్చినావు కదమ్మా. రేపు రా, జల్లెడ పడదాం."

మర్నాడు నా చెయ్యి పట్టుకుని చల్లారిన బూడిదలోకి దించింది. "రెండు దినాలు ఇనప బాండ్లిలో పెట్టి, ఇట్ల నడిమధ్యలో చెయ్యి పెట్టి చూడు. లోపల నిప్పుంటే కంటికి తెలీదు" అంది.

మూడో రోజు కర్మకు వెళ్లినప్పుడు ఆమె కొడుకు పాత సంగతులు చెబుతూ, ఎవరో బీడీ పారేస్తే గుంత కాలిందని అమ్మ చెప్పేదన్నాడు. ఇన్నేళ్లూ నా పేరు దాచిందని నాకు అప్పుడే తెలిసింది. అది చేసింది నేనేనని చెప్పాను.

"తెలుసు వదినా. మన వీధిలో బీడీ తాగేటోళ్లు యాడుండారు?" అన్నాడు.

వాళ్ల పెరట్లోకి వెళ్లాను. పేనుబంక పట్టకుండా సోమవారం పొద్దున పెద్దమ్మ వంగమొక్కలకు బూడిద చల్లడం మొదలుపెట్టిందట. నాలుగు మొక్కల ఆకులు తెల్లగా ఉన్నాయి. ఐదోదాని నుంచి అన్నీ పచ్చగానే ఉన్నాయి.