బావ తెమ్మన్న పెట్టె

అతి వినయం ధూర్త లక్షణం అంటారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆయన తనంతట తాను నా తమ్ముడికి ఫోన్ చేయడం నేనెరుగను. అలాంటిది ఆ వారంలో రెండుసార్లు చేశాడు. "ఏమోయ్ బావమరిదీ, శనివారం అందరూ వచ్చేయండి, మటన్ నేనే తెస్తా" అంటున్నాడు. నేను వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ మనిషికి మావాళ్ళ మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టింది చెప్మా?

తమ్ముడు సరిహద్దుకు అవతల, అమెరికాలోని బఫెలోలో ఉంటాడు. కెనడాలో మా రిచ్‌మండ్ హిల్‌కి రెండు గంటల దారి. వీసా మీద ఉద్యోగం, గ్రీన్‌కార్డ్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపు. చిన్న కేసు మీద పడ్డా మొదటికే మోసం.

మా ఆయనకేమో కొంతకాలంగా రైఫిల్ షూటింగ్ పిచ్చి. ఆఫీసువాళ్ళతో మొదలైంది. లైసెన్స్ ఉంది, తుపాకీ తాళం వేసిన బీరువాలో ఉంటుంది, అంతవరకూ నాకు పేచీ లేదు. కానీ చలికాలమంతా ఒకటే సణుగుడు. తనకు కావలసిన బ్యారెల్ అమెరికా షాపులోనే ఉందట, వాళ్ళు కెనడాకి ఊరికే పంపరట, ఎక్స్‌పోర్ట్ పర్మిట్ కావాలట, నెలలు పడుతుందట. "ఇనప గొట్టానికి ఇన్ని కాగితాలా?" అని నా బుర్ర తినేశాడు. ఈమధ్య ఆ సణుగుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పోనీ, బ్యారెల్ వచ్చిందా అంటే రాలేదు. పర్మిట్ వచ్చిందా అని అడిగితే "దాని గోల నీకెందుకే?" అని టీవీ సౌండ్ పెంచాడు. నాకు అక్కడే తేడా కొట్టింది.

శనివారం పొద్దున ఆయన మటన్‌కి అలా వెళ్ళగానే తమ్ముడికి ఫోన్ కొట్టాను.

"ఎక్కడున్నావురా?"

"బోర్డర్ బ్రిడ్జికి ఇవతలే అక్కా, కారుకి గ్యాస్ కొడుతున్నా. ఇంకో అరగంటలో మీవైపు ఉంటాం."

"మీ బావ ఏమైనా తెమ్మన్నారా?"

కారులోంచి వాళ్ళ పాప పాటేదో వినిపిస్తోంది.

"చిన్న బాక్స్ అక్కా. మా అడ్రస్‌కి ఆర్డర్ పెట్టాడు. డ్రిల్లింగ్ మిషన్ పార్ట్ అన్నాడు."

"విప్పి చూశావా?"

"బావ బాక్స్ నేనెలా విప్పుతానక్కా, బాగుండదు కదా!"

బాగుండదట! ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో అల్లుడిగారి మాటంటే శిలాశాసనం, ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. "విప్పు. ఇప్పుడే విప్పు. నేను లైన్లోనే ఉంటా" అన్నాను.

కారుకి దూరంగా నడిచినట్టున్నాడు, పాప పాట ఆగిపోయింది. "విప్పక్కర్లేదక్కా" అన్నాడు మెల్లగా. "అదేంటో నాకు తెలుసు. తుపాకీ గొట్టం. పెట్టె మీద షాపు పేరు చూస్తే ఆ మాత్రం తెలియదా?"

"తెలిసే తెస్తున్నావా? వెధవా, బోర్డర్‌లో పట్టుకుంటే నీ వీసా ఏమవుతుంది, ఉద్యోగం ఏమవుతుంది? కారులో పిల్లని పెట్టుకుని... నీకసలు మతుందా?" నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు అన్నీ పడ్డాడు.

"కాదంటే ఆ కోపం నీ మీద చూపిస్తాడేమోనని అక్కా" అన్నాడు చివరికి. "పోయినసారి చూశాగా, కూరలో ఉప్పు తక్కువైందని నలుగురిలో నిన్నెలా అన్నాడో."

ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను. అందరూ తమాషాగానే తీసుకున్నారని అనుకున్నాను. వీడు దాన్ని మనసులో పెట్టుకుని, నా కోసం తన బతుకుని కారు డిక్కీలో వేసుకుని బయల్దేరాడు. ఏడుపు ఆగలేదు.

"కారు వెనక్కి తిప్పు. ఆ పెట్టెని షాపుకే పంపించెయ్."

"బావకేం చెప్పను?"

"నువ్వేం చెప్పకు. నేను చెప్తా."

మా ఆయన మటన్ సంచితో వచ్చాడు. రోడ్డు వంక చూస్తూ "వీళ్ళింకా రాలేదేంటి?" అన్నాడు.

"రారు. నేనే వెనక్కి పంపించేశాను."

ముఖం పాలిపోయింది. "బాక్స్ ఎవరి దగ్గరుంది?" అన్నాడు.

"మా తమ్ముడి గురించి అడగండి ముందు."

"అదేగా అడుగుతున్నా! వాడి దగ్గరే ఉందా, ఎక్కడన్నా పారేశాడా?"

ఇక నాకు అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. పాస్‌పోర్ట్, కారు తాళాలు తీసుకున్నాను.

"ఎక్కడికే?" అన్నాడు.

"పుట్టింటికి" అన్నాను. బఫెలోలో మా తమ్ముడి అద్దె అపార్ట్‌మెంట్‌ని ఆ మాటతో పిలవడం అదే మొదటిసారి.