కొండముచ్చు కడుపులో తోడు వెతికిన మా సుధ వదిన

నిన్న పొద్దున నేను బట్టలు ఆరేస్తున్నాను. మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే మెట్ల మీద కూలబడ్డారు.

సుధ వదిన లేరట.

హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అంతా అయిపోయిందట.

మొన్నే కదా మా పాప ఫోటో కింద హార్ట్ పెట్టారు. నిన్నంతా అదే చూస్తూ ఉండిపోయాను.

మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో నేను ఏమీ రాయను. ఏడో తరగతితోనే చదువు ఆగింది. తప్పులు పోతాయని భయం. ఎవరేం పెట్టినా దండం బొమ్మ పెట్టి ఊరుకుంటాను. వదినకి మాత్రం అది చాలదనిపించింది.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. వదిన మా అత్తయ్యకి అక్కగారి అమ్మాయి. పశువుల డాక్టరు. బోనుల్లో పెరిగే అడవి జంతువుల తిండి మారిపోతే, వాటి కడుపులో ఉండే మంచి బ్యాక్టీరియా ఏమవుతుందో చూడటం ఆవిడ పని. దానికోసం పెంట ఏరి డబ్బాల్లో పెట్టి టెస్ట్ చేసేవారు. మనవాళ్లంతా పెంట డాక్టరు అని ఏడిపించేవారు. ఆవిడా నవ్వేవారు.

రెండేళ్ల కిందట మా మామిడితోట మీద కోతులు పడ్డాయి. కొండముచ్చుని చూస్తే ఎర్రకోతులు పారిపోతాయని పక్క తోటల వాళ్లు, మావాళ్లు కలిసి ఒకదాన్ని తెప్పించి గొలుసుతో కట్టారు.

కోతులు రావడం మానేశాయి. మనుషులు రావడం మొదలైంది.

సాక్షాత్తు ఆంజనేయస్వామి అంటూ శనివారం వస్తే అరటిపళ్లు, బెల్లం, వడలు. దారిన పోయేవాళ్లు బిస్కెట్లు. అందరూ ప్రేమగానే పెట్టారు.

కొన్నాళ్లకి దాని పొట్ట ఉబ్బింది. ఒకటే మోషన్లు. తల వంచుకుని కూర్చునేది. అత్తయ్య దిష్టి తీశారు. తగ్గలేదు. మా ఆయన వదినకి ఫోన్ చేస్తే ఆ సాయంత్రానికే కారులో వచ్చేశారు.

వస్తూనే గ్లౌజులు వేసుకుని పెంట డబ్బాలోకి తీశారు.

"ఇంత చదువు చదివి ఇదేం పనే నీకు?" అన్నారు అత్తయ్య.

"దీని జాతకం ఇందులోనే ఉంది పిన్నీ."

తర్వాత నా వైపు తిరిగి, ఆకులు తింటోందా అని అడిగారు. అంతమందిలో చెప్పడానికి బిడియపడి కొంగు సర్దుకున్నాను. ఆవిడ ఆగారు. వాసన చూసి పడేస్తోందని మెల్లగా చెప్పాను.

అప్పుడు వదిన అత్తయ్యని అడిగారు, తోడు వేయకుండా వదిలేస్తే పాలు పెరుగవుతాయా అని. ఎందుకవుతాయి, విరిగిపోతాయి అన్నారు అత్తయ్య.

"దీనికీ అంతే పిన్నీ. ఆకుని అరిగించే తోడు దీని కడుపులో ఉంటుంది. మీరు తీపి పెట్టీ పెట్టీ ఆ తోడుని చంపేశారు."

మర్నాడు పొద్దున చూస్తే అత్తయ్య గిన్నెడు పెరుగన్నం కలిపి కొండముచ్చు ముందు కూర్చున్నారు. తోడు పోయిందన్నావుగా, వేస్తున్నా అన్నారు.

వదిన నవ్వి నవ్వి గట్టు మీద కూర్చుండిపోయారు. మా ఆయన కూడా. నేను కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నవ్వు ఆగాక మాత్రం నెమ్మదిగా చెప్పారు.

"ఆ తోడు మన గిన్నెలో దొరకదు పిన్నీ. తల్లి దగ్గర, గుంపు దగ్గర అంటుకునేది. దీన్ని దాని వాళ్లలో కలపాలి."

"కాయ దిగే టైములో పంపేయమంటావా?"

"ఇక్కడుంటే చస్తుంది. చచ్చింది తోట కాయదుగా. అయినా అడవి జంతువుని కట్టేయడం నేరం."

మా ఆయన చాలాసేపు చెట్ల వైపు చూశారు. ఫారెస్టు వాళ్లు వచ్చినప్పుడు గొలుసు ఆయనే విప్పారు.

ఆ ఏడు కాయ సగం కోతులే తిన్నాయి. అత్తయ్య ఫోన్లో వదినని తిట్టిపోసేవారు, నీ పుణ్యాన కోతులకి విందు అని. వాటి పెంట దాచి ఉంచు పిన్నీ, వచ్చి తీసుకెళ్తా అనేవారు వదిన.

కొండముచ్చుని రెస్క్యూ సెంటర్‌లో వదినే దగ్గరుండి చూసుకున్నారు. ముందు లేత చిగుళ్లు, కొద్దికొద్దిగా ముదురాకులు, ఆ తర్వాత వేరే కొండముచ్చులతో కలపడం. ఏడాది పైనే పట్టింది. మధ్యలో ఒకసారి బతకదేమో అని కూడా అన్నారు.

అప్పటినుంచీ నాకు ఫోన్లు. నాకే.

"దుర్గా, ఇవాళ గట్టిగా వెళ్లింది!"

ఇంట్లో అందరి ముందూ దానికి ఏం జవాబు చెప్పను. ఊఁ వదినా, ఊఁ వదినా అంటూ వంటింట్లోకి పోయి నవ్వుకునేదాన్ని. ఫోన్లో ఎవరితోనైనా అంతసేపు మాట్లాడటం నాకు ఆవిడతోనే అలవాటైంది.

పోయిన నెల దాన్ని గుంపుతో సహా అడవిలో వదిలారు. ఆ సాయంత్రం వదిన ఫోన్ చేశారు. వెళ్లేటప్పుడు మిమ్మల్ని చూసిందా వదినా అని అడిగాను.

"లేదు దుర్గా. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాకెంత హాయిగా ఉందో."

వదినా, అత్తయ్య నిన్నటినుంచి ఏమీ తినలేదు. మెల్లగా మేం తినిపిస్తాం. ఇక్కడి సంగతి మేం చూసుకుంటాం.

మీరూ వెనక్కి తిరగకుండా వెళ్లండి. ఎక్కడున్నా హాయిగా ఉండండి.

మీ దుర్గ