అత్త గాంధారం, నా ఆకురాయి

ఆ రోజుల్లో నేను రెండు విద్యలు మొదలుపెట్టాను. పగలు వ్యాగన్ల వర్క్‌షాపులో ఆకురాయి పట్టడం, సాయంత్రం హార్మోనియం వాయించడం. రెండూ సగం సగమే వచ్చాయి. పొగరు మాత్రం పూర్తిగా వచ్చింది.

రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ (రైల్వే వ్యాగన్ రిపేర్ షాపు) కాలనీలో మా క్వార్టర్‌కి శ్రీకాకుళం నుంచి వచ్చిన మా మేనత్త మాతోనే ఉండిపోయింది. ఊడుపు పాటలు, దంపుడు పాటలు ఆమె నోట ఆడుతూనే ఉండేవి. శ్రీరామనవమి పందిట్లో ఆమె పాడాలని, నేను వాయించాలని భజన సంఘం సెక్రటరీగారు (రైల్వే గార్డు, పచ్చజెండా ఊపితేగాని వాళ్లింట్లో ఎవరూ భోజనానికి కదలరని చెప్పుకునేవారు) సంఘం హార్మోనియం పెట్టెను నాకు సాధనకిచ్చారు. మొదటిరోజే నేను విద్వాంసుడిలా కళ్లు మూసుకుని, "అత్తా, నీ గాంధారం పిసరంత దిగుతోంది. పెట్టెతో కలవడం లేదు" అన్నాను. మళ్లీ పాడింది. మళ్లీ ఆపాను. నాలుగోసారి, "నానేటి సదువుకున్నదాన్నా బావూ? పెట్టె సెప్పిందే నిజవై ఉంటాది" అని లేచి బియ్యం ఏరుకోవడానికి వెళ్లిపోయింది. అంతే, పాట మానేసింది. పప్పు రుబ్బుతున్నా మౌనమే. ఇల్లు బోసిపోయింది. నాకు నిజంగా సిగ్గేసింది, నవమికి కూడా పాడదేమోనని భయం వేసింది.

వర్క్‌షాపులో నా పక్క బెంచీ మీద పనిచేసే ఛత్తీస్‌గఢీ పెద్దాయన వేణువు బాగా వాయించేవాడు. తప్పు గొంతుదో పెట్టెదో తేల్చమని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. అత్త చేత ఒక్క చరణం పాడించి, పెట్టె మీద మెట్టు నొక్కి చూసి, "దాయీ హ సహీ గావత్ హే. పేటీ హ లబరా హే" అన్నాడు. అమ్మ సరిగ్గానే పాడుతోంది, పెట్టే అబద్ధాలకోరు అని! అన్ని శ్రుతుల వాళ్లకీ పనికిరావాలని పెట్టె ఒక్కో స్వరాన్నీ కాస్త పక్కకు జరిపి సర్దుకుంటుందట. గొంతుకి ఆ మొహమాటం లేదు, షడ్జంతో నిక్కచ్చిగా కలిసేచోటే నిలబడుతుందట.

అత్తకి క్షమాపణ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కాని చేతిలో ఆకురాయి ఉన్నవాడు ఊరుకుంటాడా? ఆదివారం పొద్దున్నే పెట్టె విప్పేశాను. గాలికి మోగే ఇత్తడి రీడ్లను మొదలు దగ్గర సన్నగా గీకి (అక్కడ గీకితే స్వరం దిగుతుంది) గాంధారాన్నీ, ధైవతాన్నీ, నిషాదాన్నీ అత్త గొంతు దాకా దించాను. గీకడం, బిగించడం, "అత్తా, ఇంకొక్కసారి!" అని వంటింట్లోకి అరవడం. సాయంత్రానికి షడ్జమూ గాంధారమూ కలిపి నొక్కితే వణుకు లేకుండా ఒకటిగా పలికాయి. అత్త చేట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. "ఇప్పుడు దీనికి బుద్దొచ్చింది" అని తనంతట తానే పాట ఎత్తుకుంది.

నవమినాడు ఆమె పాడుతుంటే పందిట్లో పానకం పంచేవాళ్లు కూడా ఆగిపోయారు. తర్వాత సెక్రటరీగారు పెట్టె ముందు కూర్చుని తన శ్రుతిలో భజన ఎత్తుకున్నారు. పెట్టె తోక తొక్కిన పిల్లిలా అరిచింది.

"ఏవయ్యా! బాజా అంతా ఖరాబు చేసిపెట్టావు కదయ్యా!"

నేను స్తంభం చాటుకి జరిగాను. అత్తే సమాధానం చెప్పింది. "ఖరాబేటి బావూ? నిజం సెప్పడం నేర్పినాడు. మీరు కూడా నా సురుతిలోనే పాడీండి."

మర్నాడు సెక్రటరీగారు పెట్టెను మా గుమ్మంలో దింపించి, సంఘానికి కొత్తది తెప్పించుకున్నారు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. పెట్టె నా దగ్గరే ఉంది. ఎవరి శ్రుతికీ పనికిరాదు, నా గొంతుకి అసలే పనికిరాదు. అయినా అప్పుడప్పుడు ఆ షడ్జం, గాంధారం మెట్లు రెండూ కలిపి నొక్కి, ఆవిడ అందుకుంటుందేమోనని కాసేపు ఆగుతాను. వర్క్‌షాపులో జీవితమంతా గీకిన ఇనుము ఎటు పోయిందో తెలీదు. ఆ మూడు స్వరాలు మాత్రం ఇంకా అత్త కోసమే పలుకుతున్నాయి. వాయించేవాడికి మాత్రం ఇప్పటికీ సగం విద్యే.