వీధి కప్పుకూ మిద్దె నేలకూ మధ్య

ఖాసిం బతికున్నన్నాళ్ళూ తిబ్రాకు పొద్దు మిద్దె మీదే మొదలయ్యేది. ఎడారి ఊరు గదామిస్‌లో వంటిల్లు ఇంటి నెత్తిన ఉంటుంది. మిద్దెలన్నీ ఆడవాళ్ళవి, కింద కప్పేసి ఉన్న చీకటి వీధులన్నీ మగవాళ్ళవి. పొయ్యి రాజేసి, టీకి నీళ్ళు పెట్టి, పిట్టగోడ మీదుగా పక్కింటి వనీసాను పలకరించి, ఆ తరువాతే కింద పడుకున్న మొగుణ్ణి కేకేసి లేపేది. ఇప్పుడు ఆ పొయ్యి వేరేవాళ్ళు రాజేస్తున్నారు. తిబ్రా తెల్లబట్టలు కట్టుకుని నడింటి గోడలోని ఖుబ్బా అనే గూటిలో, తెర వెనక కూర్చుని ఉంటోంది.

ఆ ఊరి ఆడది ఆ గూటిలో జన్మకు రెండుసార్లు కూర్చుంటుంది. పెళ్ళికూతురుగా ఒకసారి, మొగుడు పోయాక ఒకసారి. గడువు తీరేదాకా గడప దాటకూడదు, మగవాడి కంట పడకూడదు. ఎవరైనా ఏదైనా తెచ్చిపెడితే తినాలి, లేకపోతే లేదు.

తిబ్రాకు మూలలంటే మొదట్నుంచీ పిచ్చి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి పెద్ద గదినీ, గోడనిండా మెరిసే అద్దాలనూ, రాగి గిన్నెల వరసలనూ చూసి ముచ్చటపడలేదు. మెట్ల కింద ఒక మనిషి ముడుచుకుని పట్టే చోటు ఉంటే అక్కడ చేరి బాదంపప్పులు తింది. ఇల్లంతా వేలి కణుపులతో తట్టి తట్టి చూసి, ఏ గోడ గట్టిదో ఏ గోడ బోలుదో పట్టేసింది. ఖాసిం నవ్వేవాడు. "పెళ్ళాన్ని తెచ్చుకున్నా అనుకున్నాను, పిల్లిని తెచ్చుకున్నానా?" అనేవాడు. కడుపు పండలేదు కాబట్టి ఆ విద్యంతా మరిది కూతురు మర్దియాకు నేర్పింది. పిల్లకు ఆరేళ్ళు. దాక్కుంటే పెద్దమ్మ తప్ప ఎవరూ కనిపెట్టలేరు.

ఆ రోజు మధ్యాహ్నం తోటికోడలు జోహ్రా తెర లాగి తల లోపల పెట్టింది.

"అక్కా, మర్దియా నీ దగ్గరగానీ పడుకుందా?"

"లేదే. పొద్దున్నే ఖర్జూరాలు తీసుకుని పోయింది."

"మిద్దెలన్నీ తిరిగాను. వనీసా ఇంట్లో లేదు, అవతల వాళ్ళింట్లో లేదు..." మాట పూర్తి కాకుండానే జోహ్రా మెట్లెక్కేసింది.

కాసేపటికి కింద వీధిలోంచి మరిది యూనుస్ గొంతు వినిపించింది. "మీరు తోటల్లో చూడండి! నువ్వు ఊట కాలవ వెంట పోరా!" కాలవ అన్న మాట వినగానే పైన ఎవరో ఆడమనిషి గట్టిగా దేవుణ్ణి తలుచుకుంది.

తిబ్రాను ఎవరూ ఏమీ అడగలేదు. దుఃఖంలో ఉన్నదాన్ని ఏం అడుగుతారు? నడింటి కప్పులో ఉన్న ఒకే ఒక్క కన్నంలోంచి పడే ఎండ అద్దం మీది నుంచి గిన్నెల మీదికి జరిగింది. గోడకు వీపు ఆనించి కూర్చున్న తిబ్రాకు, వీపు వెనక ఏదో గీకినట్టయింది.

బల్లి అనుకుంది. మళ్ళీ వినిపించింది. ఈసారి తట్టడం. దగ్గర దగ్గరగా రెండు, ఆగి ఒకటి. ఆ తట్టు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు.

తిబ్రా తిరిగి తట్టింది. అవతల నుంచి జవాబు వచ్చింది, నీరసంగా.

"అత్తయ్యా! జోహ్రా! ఎవరక్కడ?"

అత్తగారు మన్సూరా తస్బీహ్ పూసలు తిప్పుతూ వచ్చింది. "ఏమే, ఏమైంది?"

"పిల్ల ఈ గోడ వెనక ఉంది."

"ఆ గోడ వెనక వనీసా ఇల్లు ఉంది."

"ఆ ఇంటికీ మనింటికీ మధ్య, వీధి మీద ఉంది."

"వీధి మీద గాలి ఉంటుందే పిచ్చిదానా. పిల్లలుండరు."

"చెవి పెట్టి వినండి."

ముసలావిడ మూలుగుతూ వంగి చెవి ఆనించింది. తిబ్రా తట్టింది. జవాబు లేదు. మళ్ళీ తట్టింది. లేదు. మన్సూరా మొహంలో కోపం కరిగి జాలి వచ్చింది. తిబ్రాకు ఆ జాలిని చూస్తేనే భయం వేసింది.

"నాకూ వినిపించేది తల్లీ," అంది మన్సూరా నెమ్మదిగా. "మీ మామయ్య పోయినప్పుడు ఈ గూట్లోనే కదా కూర్చున్నాను. గోడ వెనక దగ్గేవాడు. మంచినీళ్ళు అడిగేవాడు. ఎవరికి చెప్పుకోను? ఇక్కడ కూర్చున్న ఏ ఆడదానితో గోడ మాట్లాడలేదు గనుక?"

"ఆయన కాదు అత్తయ్యా. మర్దియా."

"సరేలే. కాస్త నీళ్ళు తాగి పడుకో."

ఒక్క క్షణం తిబ్రాకే అనుమానం వచ్చింది. నిజంగానే గోడ మాట్లాడిందా? కానీ ఖాసిం ఎన్నడూ గోడ తట్టలేదు, గట్టిగా అరిచేవాడు. తిబ్రా తెర తోసి లేచింది. మన్సూరా చేతులు చాచి మెట్లకు అడ్డం నిలబడింది.

"గడువులో ఉన్నదానివి! పోయినవాడు ఏమనుకుంటాడు?"

"ఆయనకు నేను చెప్పుకుంటాను. పక్కకు జరగండి."

అత్తగారి చేతిని తప్పించడం ఆమెకు జీవితంలో అదే మొదటిసారి.

ఇన్నాళ్ళూ చీకట్లో ఉన్న కళ్ళకు మిద్దె మీది ఎండ నిప్పు పోసినట్టయింది. పరామర్శకు వచ్చేవాళ్ళ భోజనాలకని తెచ్చిన కట్టెలు పిట్టగోడ పక్కనే నడుమెత్తు మోపుగా పేర్చి ఉన్నాయి. సరిగ్గా అక్కడే పేర్చారు. తిబ్రా అటు పరుగెత్తింది.

"అమ్మో, తిబ్రా పైకొచ్చింది!" వనీసా కేక పెట్టింది. "గోడ దగ్గరికి పోతోంది, దూకుతుంది, పట్టుకోండే!"

ఇద్దరు ఆడవాళ్ళు రెండు రెక్కలూ పట్టేసుకున్నారు. ఎంత గింజుకుంటే అంత గట్టిగా పట్టుకున్నారు.

"దూకనే! కట్టెలు తీయండి! కట్టెల కింద పిల్ల ఉంది!"

"అయ్యో, మతి పోయింది పాపం," అంది పట్టుకున్నవాళ్ళలో ఒకామె.

జోహ్రా మాత్రం దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. "కట్టెల కింద నేల కదా అక్కా?"

"మనకు నేల. వీధిలో నడిచే మగవాళ్ళకు కప్పు. ఆ రెండింటికీ నడుమ మనిషి ఎత్తు బోలు ఉంది జోహ్రా. పాతకాలంలో దొంగల భయానికి ధాన్యం దాచేవారట. మగవాళ్ళు కింద వెతికారు, మీరు పైన వెతికారు. నడుమ ఎవరు చూశారు? దానికొక చెక్కమూత ఉంది. లోపలికి దిగాక మూత లాక్కోవాలని పిల్లకు నేర్పింది నేనే."

జోహ్రా మోకాళ్ళ మీద పడి కట్టెలు విసిరేయడం మొదలుపెట్టింది. పట్టుకున్న చేతులు వదిలాయి. ముళ్ళు గుచ్చుకుంటున్నా ఎవరూ ఆగలేదు.

"పొద్దున నా చేతుల్తోనే పేర్చానే, నా చేతులు విరిగిపోను!" వనీసా గుండెలు బాదుకుంటూనే లాగుతోంది.

ఖర్జూరపు చెక్కమూత బయటపడింది. ఎత్తగానే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడిగాలి మొహాన కొట్టింది. లోపల ఏమీ కనబడలేదు. "మర్దియా!" అని జోహ్రా పిలిచింది. పలుకు లేదు.

తిబ్రా కాళ్ళు లోపలికి వేలాడదీసింది. గోడలో కాలివేళ్ళు పట్టే గుంటలు ఎక్కడున్నాయో ఆమె పాదాలకు తెలుసు. కింద చేత్తో తడిమితే చెమటకు తడిసిన జుట్టు తగిలింది. పిల్ల మూలకు ముడుచుకుని ఉంది. కదిపితే కదల్లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది, ఆ వేడిలో ఊపిరేదో గాలేదో తెలియలేదు. భుజాన వేసుకుని పైకి ఎత్తి అందించింది. నాలుగైదు చేతులు ఒక్కసారిగా అందుకున్నాయి.

నీళ్ళు చల్లారు. పెదవులు తడిపారు. పిల్ల దగ్గింది, కళ్ళు తెరవకుండానే గొణిగింది.

"మూత బరువైపోయింది పెద్దమ్మా."

వనీసా పట్టలేక సంతోషంతో, పెళ్ళిళ్ళలోలా నాలుక ఆడిస్తూ కూత పెట్టింది. చావింట్లో ఆ కూత కూయకూడదు. గుర్తొచ్చి మధ్యలోనే నోరు నొక్కుకుంది. తెగిపోయిన ఆ కూత విని కింద వీధిలో యూనుస్‌కు ప్రాణం పోయినంత పనైంది. పైకి రాలేడు, ఆడవాళ్ళ మిద్దె.

"ఏడుస్తున్నారా? నవ్వుతున్నారా? ఎవరో ఒకరు చెప్పండే! బతికుందా?"

"బతికుందిరా!" మెట్లెక్కి అప్పుడే పైకొచ్చిన మన్సూరా అరిచింది. "నీళ్ళు తాగుతోంది! నువ్వూ తాగు!"

కింద ఆ మగవాడు వెక్కి వెక్కి ఏడవడం పైకి వినిపించింది.

సాయంత్రానికి మెట్ల దగ్గరికి ఒక బుట్టెడు గచ్చుపిండి వచ్చింది. యూనుస్ కింద నుంచే చెప్పాడు. "వదినా, నీకు జన్మంతా రుణపడి ఉంటాను. ఆ బోలు మాత్రం ఈ పూటే మూసెయ్యి."

"వాడు చెప్పింది సబబే," అంది మన్సూరా. "గచ్చు పట్టించడంలో నీ చెయ్యిని మించిన చెయ్యి ఈ వాడలో లేదు. దాని నోరు పూడ్చేసి కిందికి పోయి తెర వేసుకో. జరిగింది జరిగింది."

వనీసా గిన్నెలో నీళ్ళు పోసింది, తిబ్రా చేత్తో కలిపింది. ఆ ఊరి గచ్చు కలిపిన వెంటనే వాడాలి, ఆలోచిస్తూ కూర్చుంటే రాయి అవుతుంది. తిబ్రా చేతినిండా గచ్చు తీసుకుంది. తెరిచి ఉన్న బోలు నోటిలోకి చూసింది. సాయంకాలపు గాలి లోపలికి పోతోంది. వేడి దిగిపోయింది. లోపలి మూలన పిల్ల ఉమ్మేసిన ఖర్జూరపు గింజలు కనిపిస్తున్నాయి.

గచ్చును మళ్ళీ గిన్నెలోనే రాల్చేసింది.

"ఏమే?"

"మూత మీద బరువు పడబట్టే కదా అత్తయ్యా ఈ గండం. మళ్ళీ మూతే వేయమంటారేం? చుట్టూ గట్టు కడదాం. బోలు అడుగుదాకా మెట్లు తవ్విద్దాం. ఇక్కడొక చోటుందని వాడకంతా తెలియనిద్దాం. తెలిస్తే ఎవరూ కట్టెలు పేర్చరు."

"పోనీ రేపు మాట్లాడుకుందాం. ముందు ఇది పూడ్చు, పిండి గట్టిపడుతోంది."

"గట్టిపడనీయండి."

మన్సూరా ఏదో అనబోయింది. జోహ్రా ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల కదిలేసరికి ఆగి, పిల్ల పక్కనే చతికిలబడింది. తిబ్రా బోలు అంచున కూర్చుని వేళ్ళ మధ్య ఎండిన గచ్చును పెచ్చులుగా ఒలుస్తోంది. గిన్నెలో మిగిలినదాన్ని వనీసా వేలితో పొడిచి చూసింది, వేలు దిగలేదు.

"అయిందా వదినా?" కింద నుంచి యూనుస్ అడిగాడు.

తిబ్రా చివరి పెచ్చును కూడా ఒలిచి గిన్నెలో పడేసింది.