అందరికీ నచ్చేసిన అపార్ట్‌మెంట్

ఆస్ట్రేలియాలోని ఈ గోల్డ్ కోస్ట్ మొత్తంలో చీపురు బాగా పట్టడం వల్ల దివాలా అంచుకు వెళ్ళిన మనిషి మా నొలీన్ వదిన ఒక్కతే. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణే గానీ, ఈ సంగతి ఆమెకన్నా ముందు కనిపెట్టింది నేనే.

అన్నయ్య పోయాక వదిన టువూంబా ఊళ్ళో చేపల దుకాణం అమ్మేసి, బ్యాంకులో అప్పు చేసి, ఇక్కడ కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్ మేనేజ్‌మెంట్ హక్కులు బిల్డర్ దగ్గర కొన్నది. కింది ఫ్లాట్‌లో కాపురముండి ఆవరణ, ఈతకొలను చూసుకుంటే యజమానులందరూ కలిసి జీతమిస్తారు. అది ఇల్లు గడవడానికి సరి. బ్యాంకు వాయిదా కట్టాలంటే మాత్రం, యజమానులు తమ ఫ్లాట్లు ఆమె ద్వారా అద్దెకివ్వాలి, ఆమెకు కమిషన్ రావాలి.

"అందరూ అద్దెకిచ్చేవాళ్ళే నొలీన్ గారూ, ఇక్కడ ఉండేదెవరు?" అన్నాడు బిల్డర్.

వదిన తుడిచిన లిఫ్టు అద్దంలో చూసుకుని ఒక పెలికన్ ఈకలు సర్దుకుని వెళ్ళింది. నేను కళ్ళారా చూశాను. తమ ఫ్లాట్ చూసుకోవడానికి వచ్చిన ప్రతి యజమానికీ వేడి స్కోన్ రొట్టెలు, జామ్ పెట్టేది. వాళ్ళు తిని, తళతళలాడే కొలను చూసి, "అద్దెకెందుకూ, మనమే వచ్చేద్దాం" అనేవారు. సామాను దిగుతుంటే వదిన నవ్వుతూ తలుపు పట్టుకునేది. లోపలికొచ్చి సింకు పట్టుకుని నిలబడిపోయేది.

"స్కోన్లు ఆపు వదినా. కొలను ఒక వారం పచ్చబడనీ."

"నోర్ముయ్ రస్. అలా వదిలేస్తే నాకు నిద్ర పడుతుందా?"

"ఇప్పుడు పడుతోందా ఏంటి?"

వదిన చీపురు అందుకుంది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

ఇక వదిన ఆశంతా జమిత్ గారి మీదే. మాల్టా ఆవిడ, భర్త లేరు, పై అంతస్తు మొత్తం ఆవిడదే. అది అద్దెకు రాకపోతే వదిన హక్కులు అమ్ముకుని పోవాల్సిందే. శనివారం ఆవిడ వచ్చి, స్కోన్ కొరికి, కొలను వైపు చూసి, "మా చెల్లెళ్ళు కూడా వచ్చేస్తారు" అంది. వదిన టీ కప్పులోకి బదులు సాసర్లోకి పోసింది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వెనక కాలువలో నేను వట్టి చేతులతో షార్క్‌ను పట్టిన సంగతి మొదలుపెట్టాను. అది నన్ను పేరు పెట్టి పిలిచే దగ్గరికి వచ్చేసరికి టీ చల్లారింది.

"మిగతాది రోజూ సాయంత్రం చెప్తానండీ. నేనెప్పుడూ ఇక్కడే ఉంటాను."

జమిత్ గారు వదిన వైపు తిరిగింది. "ఈయన నిజంగా ఇక్కడే ఉంటాడా?"

"మా మరిదేనండీ. ఎక్కడికీ పోడు."

"మా ఆయన కూడా ఇలాగే బతికినంతకాలం మాట్లాడాడమ్మా. ఇప్పుడిప్పుడే నా చెవులు తెరిపిన పడ్డాయి. మొత్తం అద్దెకిచ్చెయ్యి." అక్కడికక్కడే సంతకం పెట్టేసింది.

ఆవిడ వెళ్ళాక వదిన మెట్ల మీద కూలబడింది. "ఆ షార్క్ కథ మర్చిపోకు రస్," అంది.

అంతలో గేటు దగ్గర ఇంకో యజమాని కారు ఆగింది. వదిన చెయ్యి అప్పుడే స్కోన్ల పళ్ళెం మీదికి వెళ్ళిపోయింది.