కొండ మెట్ల మీద అమ్మ ఇంగ్లీషు

మా చిన్నప్పుడు... అలిపిరి దగ్గర చెప్పులు విప్పి సంచిలో వేసుకోగానే మా నాన్న ఓ హుకుం జారీ చేశారు.

"గోవిందా అనడం తప్పితే, పైకెళ్ళేదాకా ఎవరూ తెలుగు మాట్టాడకూడదు. అంతా ఇంగ్లీషే. తెలిసిందా?"

"ఆయ్" అన్నాం నేనూ, తమ్ముడూ. మొదటి మెట్టు మీదే ఓడిపోయాం.

మాది రాజోలు దగ్గర చిన్న ఊరు. ఎత్తు అంటే మాకు తెలిసింది ఏటిగట్టే... కొండ ఎక్కడం అదే మొదలు. నాన్న పనిచేసే కంపెనీ మూతపడి కువైట్ నుంచి వచ్చేశారు. ఈసారి అమ్మ వంతు. అక్కడ ఓ మేడమ్ ఇంట్లో వంటపని. వీసా చేతికొచ్చింది, నెల్లో ప్రయాణం. వెళ్ళేముందు కొండకి నడిచొస్తానని అమ్మ మొక్కుకుంది.

ఆ మేడమ్‌తో మాట్లాడ్డానికి నాన్న నేర్పిన ఇంగ్లీషు మాటలు అమ్మకి బాగానే పట్టుబడ్డాయి. చిక్కల్లా మొహమాటంతోనే. మా వైపు మర్యాద మీకు తెలియనిది కాదు... ఎవరింటికైనా వెళితే, ఒకసారి అడిగితే వద్దనాలి. రెండోసారి అడిగితే "ఇప్పుడే తిన్నామండీ" అనాలి. మూడోసారికి గానీ పీట మీద కూర్చోకూడదు. అమ్మ ఆ విద్యలో ఆరితేరిన మనిషి.

నాన్న కండువా తలమీంచి ముసుగేసుకుని కువైట్ మేడమ్ అయిపోయారు. అమ్మ వంగి ఒక్కో మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతుంటే, పైమెట్టు మీద నిలబడి పరీక్ష మొదలెట్టారు.

"డూ యూ వాంట్ వాటర్?"

"నో మేడమ్."

"ఆర్ యూ హంగ్రీ?"

"నో నో... థాంక్యూ మేడమండీ."

పక్కన ఎక్కుతున్న జనం ఆగి మరీ నవ్వారు. మేమిద్దరం సిగ్గుతో నాలుగు మెట్లు ముందుకు పరిగెత్తాం.

గాలిగోపురం దగ్గర పులిహోర కేరేజీ విప్పారు. నాన్న ముసుగు సర్దుకుని, "డూ యూ వాంట్ ఫుడ్?" అన్నారు. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టని అమ్మ, "నో మేడమ్. చిల్డ్రన్ ఈట్" అంది.

మా ఇద్దరికీ పెట్టేసి, నాన్న ఠక్కున కేరేజీ మూసేశారు.

"అయ్యో, అదేంటండీ!" అంది అమ్మ.

"అక్కడ రెండోసారి అడగరే పిచ్చిదానా!" తన హుకుం తనే మర్చిపోయారు నాన్న. "వద్దంటే నిజంగానే వద్దనుకుంటారు. నేను అలాగే వద్దండీ వద్దండీ అంటా మొదటి నెలంతా సగం కడుపుతోనే పడుకున్నాను. ఉత్తరంలో రాయలేదు, అంతే."

అమ్మ మళ్ళీ పసుపు డబ్బా తీసుకుని లేచింది. నేను మాత్రం చేతిలో ముద్ద ఆకులోనే వదిలేశాను... ఆ ఉత్తరాలన్నీ 'ఇక్కడ నేను క్షేమం' అని గట్టిగా చదివి అందరికీ వినిపించింది నేనే మరి.

చివర్లో మోకాళ్ళ పర్వతం వచ్చింది. నిట్టనిలువు మెట్లు. అమ్మ మొహం వాడిపోయింది, చీర కుచ్చెళ్ళ నిండా పసుపు. నాన్న వెనక్కి తిరిగి, ఈసారి మెల్లిగా అడిగారు.

"ఆర్ యూ టైర్డ్?"

అలవాటుగా "నో" అనబోయింది. ఆగింది. మమ్మల్ని ఓసారి చూసింది.

"ఎస్ మేడమ్. ఐ యామ్ టైర్డ్. ఐ సిట్. ఐ వాంట్ ఫుడ్."

అని మెట్టు మీద కూలబడిపోయింది.

నాన్న ముసుగు తీసేసి, కిందిమెట్టు మీద కూర్చుని, తనే ఆకులో పులిహోర పెట్టి అందించారు. అప్పటిదాకా ఆయనా తినలేదని అప్పుడు తెలిసింది నాకు. "వెరీగుడ్... వెరీగుడ్..." అంటూ అదే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

నేను మాత్రం భోరుమన్నాను. అమ్మ పాసైపోయింది... ఇంక నిజంగా వెళ్ళిపోతుందని.

వెళ్ళింది. ఆరేళ్ళు ఉంది. అక్కణ్ణుంచి మొదటిసారి మా వీధి కొట్టువాళ్ళ ఫోన్‌కి చేసినప్పుడు నాన్న అడిగిన మొదటి మాట "అన్నం తిన్నావా?" అనే. "అడిగి మరీ పెట్టించుకున్నానండీ" అందట. నాన్న ఆ మాట వీధి వీధంతా చెప్పుకున్నారు.

ఇప్పుడు మా పిల్లలకి ఆకలేస్తే మొహమాటమే లేదు... ఫోన్ నొక్కితే తిండి గుమ్మంలోకి వస్తుంది. మంచిదే. కానీ మూడోసారి బతిమాలి పెట్టేవాళ్ళు కూడా తగ్గిపోయారు కదండీ...

మీ అమ్మ "అలిసిపోయాను" అనడం మీరెప్పుడైనా విన్నారా? విన్నవాళ్ళుంటే రాయండి, చదవాలనుంది. నేను మా అమ్మ నోట విన్నది ఒక్కసారే... అదీ ఇంగ్లీషులో.